సొరపిందెలు ఎందుకు రాలాయి, పడి మొలిచిన టమాటా ఎందుకు కాసింది

చిరంజీవి అమ్మాయికి, అత్తయ్య ఆశీస్సులు.

మిద్దె మీద సొరపాదుకి పడ్డ పిందె పడ్డట్టే రాలిపోతోందనీ, కంపోస్టు ఎరువులోంచి పడి మొలిచిన టమాటా మాత్రం గుత్తులు గుత్తులుగా కాస్తోందనీ రాశావు. నా చేతికి మొక్కలు అచ్చిరావేమో అని కూడా అన్నావు. ఆ మాట మనసులోంచి తీసెయ్యి తల్లీ. చేతిలో ఏమీ లేదు, రెండింటికీ కారణాలున్నాయి.

ముందు సొర సంగతి. రాలిన పిందెను పారెయ్యకుండా చేతిలోకి తీసుకుని చూడు. పువ్వు ఉన్న కొస నుంచి పసుపెక్కి, ముడుచుకుంటూ వచ్చిందంటే దానికి పుప్పొడి అందలేదు. అలా కాక, పక్కన ఎక్కడో సూదితో పొడిచినట్టు చుక్క, ఆ చుక్క మీద జిగురుబొట్టు కనిపించి, కోస్తే లోపల తెల్లపురుగులుంటే అది పండుఈగ పని. చూడ్డానికి రెండూ రాలిన పిందెలే కానీ వైద్యం వేరు. చూడకుండా వేపనూనె కొడితే పుప్పొడి అందని పిందెకు ఏ మేలూ జరగదు.

సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లవారేసరికి వాడిపోతుంది. రాత్రి తిరిగే రెక్కలపురుగులు మిద్దె మీదికి రాకపోతే ఆ పని మనమే చెయ్యాలి. చాలామంది పొద్దున్నే వెళ్లి ప్రయత్నించి, కాయ నిలవలేదని బాధపడతారు. సాయంత్రం 6 దాటాక వెళ్లు. సన్నటి పొడుగు కాడతో, కింద పిందె లేకుండా ఉండేది మగపువ్వు. దాన్ని తెంపి, రేకులు విరిచేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడుమనున్న బుడిపె మీద మెల్లగా అన్ని వైపులా రాయి. ఒక మగపువ్వు రెండు ఆడపువ్వులకు సరిపోతుంది. బీరకీ సాయంత్రమే. కాకర, దోస, గుమ్మడికైతే తెల్లవారాక, 9 గంటల లోపు.

తొలి 10, 15 రోజులూ పాదుకి మగపువ్వులే వస్తాయి. అది రోగం కాదు. కంగారుపడి ఎరువు గుప్పిస్తే నత్రజని ఎక్కువై తీగ ఏపుగా పాకుతుంది, పిందె పడదు. తీగ 5, 6 అడుగులు పెరిగాక తల తుంచు. పక్కకొమ్మల మీదే ఆడపువ్వులు ఎక్కువ వస్తాయి.

ఇంత చేసినా అన్ని పిందెలూ నిలవవు. 20 లీటర్ల పెయింటు బకెట్లో ఉన్న వేళ్లు ఒకేసారి ఒకటి రెండు కాయల్నే మొయ్యగలవు. మిగతావాటిని పాదే వదిలేస్తుంది. సొరకి కనీసం 40 లీటర్ల టబ్బు పెట్టు. తడిసిన మట్టితో అది 40 కిలోలకు తగ్గదు కాబట్టి స్లాబు నడిమధ్యన కాదు, దూలం ఉన్న చోట పెట్టాలి.

ఈగ కుట్టకుండా, పుప్పొడి రాసిన రెండోరోజున పిందెకి పల్చటి గుడ్డసంచి తొడిగి వదులుగా కట్టు. ఈగల్ని పట్టే ఎరబుట్టలు, మందులకన్నా అదే నమ్మకం. పుచ్చిన పిందెల్ని కంపోస్టులో మాత్రం వెయ్యకు. పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. కవర్లో మూతి బిగించి వారంపాటు ఎండలో పడెయ్యి.

ఇక ఆ టమాటా. నారు పీకి నాటేటప్పుడు మొక్కకి వేళ్లు తెగుతాయి, తేరుకోవడానికి వారం పడుతుంది. పడి మొలిచినదానికి ఆ దెబ్బే లేదు. పైగా అది తనకు అనువైన వేడి, తడి దొరికినప్పుడే మొలిచింది. టమాటాకి పగలు 35 డిగ్రీలు, రాత్రి 22 డిగ్రీలు దాటితే పూత నిలవదు. అందుకే ఫిబ్రవరిలో మురిపెంగా నాటిన మొక్క మార్చి, ఏప్రిల్లో నిండా పూసి, అంతా రాల్చేస్తుంది. మృగశిర కార్తె తర్వాత ఒకసారి, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకసారి నారు పోసుకో. ఆ మొక్క గింజలు దాచి, వచ్చే ఏడూ ఇలాగే కాస్తుందని ఆశపడకు. బజారు టమాటా చాలావరకు హైబ్రిడ్, దాని పిల్లలు తలోరకంగా వస్తాయి.

కాయ అడుగు నల్లబడితే అది తెగులు కాదు. రెండ్రోజులు ఎండగట్టి మూడోరోజు నీళ్లు కుమ్మరించినందుకు కాయకి కాల్షియం అందలేదు. గుడ్డుపెంకులు వెయ్యమంటారు కానీ అవి చివకడానికి నెలలు పడుతుంది. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యి, తడి ఒకే తీరున ఉంచు.

మిరప ముడుచుకుందన్నావు, ఎటు ముడుచుకుందో రాయలేదు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే తామరపురుగు. తెల్లకాగితం మీద కొమ్మను తట్టు, సన్నటి నలుసులు పరుగెత్తుతాయి. దానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చెంచాడు కుంకుడు రసం కలిపి, సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఆకు అడుగున తడిసేలా కొట్టు, వారానికోసారి. అంచులు కిందికి ముడిచి, కాడ పొడుగు సాగితే తెల్లనల్లి. దానికి నీటిలో కరిగే గంధకం, లీటరుకి 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం వద్దు, ఎండాకాలంలో అసలే వద్దు, ఆకు మాడిపోతుంది.

బెండాకుకి ఈనెలు పసుపు వలలా కనిపిస్తే పీకెయ్యి. అది పల్లాకు తెగులు, దానికి మందు లేదు, తెల్లదోమ దాన్ని పక్క మొక్కలకి మోస్తుంది.

మట్టి ఇలా కలుపు: ఎర్రమట్టి 4 పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు 3, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) 3, బకెట్‌కి రెండు గుప్పిళ్ల వేపపిండి. కోకోపీట్‌ని రెండుసార్లు కడిగి పిండాలి, ఉప్పు పోతుంది. పచ్చిపేడ వేస్తే వేరుపురుగును పిలిచినట్టే.

ఏ విత్తనమైనా సగమే వెయ్యి, మిగతా సగం 15 రోజుల తర్వాత. వాన, ఎండ, దోమ రెండు విడతల్నీ ఒకేలా కొట్టడం అరుదు. ఒక విడత పోతే దిగులు సగమవుతుంది. తోటకూర, బచ్చలి, గోంగూర టబ్బులు ఎప్పుడూ ఖాళీగా ఉంచకు, సొర మొరాయించిన వారాల్లోనూ వంటింటికి ఏదో ఒకటి దిగుతుంది.

మిరపాకు ఎటు ముడుచుకుందో చూసి రాయి. రాలిన సొరపిందెను కోసి లోపల ఏముందో కూడా రాయి.

ఉంటాను,
అత్తయ్య