సంగమేశ్వరానికి నీళ్లు దిగాక వెళ్లండి

పాడుబడ్డ ఊళ్లు, గుళ్లు చూడాలన్న ఆసక్తితో దసరా సెలవుల్లో ఉమ్మడి కర్నూలు జిల్లాలోని సంగమేశ్వరం వెళ్తే నీళ్లు తప్ప ఏమీ కనబడలేదని రాశారు. పొరపాటు మీరు ఎంచుకున్న నెలది. శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టానికి దగ్గరగా ఉన్నంతకాలం సంగమేశ్వరంలోని శివుడి గుడి నీటి అడుగునే ఉంటుంది. ఎండాకాలంలో మట్టం బాగా పడిపోయాక బయటపడి, కృష్ణకు వరద రాగానే మళ్లీ మునుగుతుంది.

కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో, ఆనాటి నీటిమట్టం పత్రికలో చూసుకుని తెల్లవారకముందే బయలుదేరండి. వేపమొద్దు శివలింగాన్ని దర్శించుకుని వెంటనే తిరిగి రాకండి. నీళ్లు మరీ తగ్గిన ఏడు, నెర్రెలిచ్చిన ఒండ్రులో ముంపు ఊళ్ల పునాదిరాళ్లు తేలుతాయి. వాటి మధ్య గడప ఎక్కడుండేది, పొయ్యి ఎక్కడుండేది అని వెతుక్కోవడంలోని ఆకర్షణ, నా మటుకు, ఏ కోటలోనూ దొరకలేదు. ఒండ్రు పైకి ఎండినట్టున్నా లోపల మెత్తగా ఉంటుంది గనుక పశువులు నడిచిన బాటనే పట్టుకోండి.