మొక్కకీ మాత్రకీ మధ్య

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా, రెండోసారి ఎర్రపెన్ను పట్టుకుని. భాష బాగుంది, ఆ విషయంలో నీకు నా సాయం అక్కర్లేదు. కానీ మొక్కల్లోంచి మందులు తీసే ఒక మెడిసినల్ కెమిస్ట్ పరిశోధన గురించి నాలుగు పేజీలు రాసి, ఆయన పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లి చేతులతో ఏం చేస్తాడో ఒక్క ముక్క కూడా చెప్పలేదేంటి? ‘ప్రకృతి ఒడిలో దాగిన అమృతాన్ని వెలికితీస్తున్న తపస్వి’ అన్నావు. సరే, ఎలా వెలికితీస్తాడు? నూరుతాడా, నానబెడతాడా, మరిగిస్తాడా, దేంట్లో? విశేషణాలు లెక్కపెడుతూ పదిహేను దగ్గర ఆపేశాను. ఆయన చేసిన పనికి మాత్రం నాకు దొరికినవి రెండే మాటలు: శోధించారు, కనుగొన్నారు.

ఈ రంగంలో కథంతా క్రియల్లోనే ఉంటుంది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ సంగతి నీకు తెలిసే ఉంటుంది. వియత్నాం యుద్ధం రోజుల్లో, 1967లో, చైనా ప్రభుత్వం మలేరియా మందు కోసం రహస్యంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఆవిడ బృందం పాత వైద్య గ్రంథాలు తిరగేసి, ఎన్నో మూలికలు పరీక్షించి, చింగ్‌హావ్ అనే మొక్క దగ్గర ఆగింది. ఒకసారి ఎలుకల్లో పనిచేసినట్టే కనిపించింది, మళ్లీ చేస్తే ఫలితం నిలబడలేదు. అప్పుడు నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హోంగ్ రాసిన మాటలు మళ్లీ చదివింది. గుప్పెడు చింగ్‌హావ్‌ని నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడాయన. మరిగించమని ఎక్కడా లేదు. అంటే వేడికి ఆ పదార్థం పాడైపోతోందేమో అని అనుమానం వచ్చి, సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబర్ 4న, 191వ నమూనా ఎలుకల్లో మలేరియా పరాన్నజీవిని పూర్తిగా తుడిచేసింది. ఆ దారిలో బయటపడిన ఆర్టెమిసినిన్‌కే 2015లో నోబెల్ వచ్చింది. గే హోంగ్ కూడా నీలాగే ‘ఆ దివ్య మూలిక మహిమ వర్ణనాతీతం’ అని రాసి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నువ్వే ఊహించుకో.

అయితే ఇక్కడితో కథ అయిపోయిందని అందరూ ఆపేస్తారు, నువ్వూ ఆపేశావు. మెడిసినల్ కెమిస్ట్ పని మొదలయ్యేదే ఇక్కడ. ఆర్టెమిసినిన్ నీళ్లలోనూ సరిగా కరగదు, నూనెలోనూ అంతంతమాత్రమే, ఇంజెక్షన్‌గా ఇద్దామంటే కుదరదు. దాని నిర్మాణంలో రెండు ఆక్సిజన్‌లు పక్కపక్కన చేరి ఒక వంతెనలా ఉంటాయి, పెరాక్సైడ్ వంతెన అంటారు. పరాన్నజీవి మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ని తింటుంది కాబట్టి దాని కడుపులో ఇనుము ఉన్న హీమ్ పోగవుతుంది, ఆ ఇనుము తగిలి వంతెన తెగుతుంది, తెగిన ముక్కలు పరాన్నజీవిని చంపుతాయి. కెమిస్టులు ఆ వంతెన జోలికి పోకుండా ఇంకో మూలన కార్బన్, ఆక్సిజన్ జంటగా ఉన్న కార్బొనైల్‌ని కొంచెం మార్చి, దానికి ఒక చిన్న తోక తగిలించారు. అదే ఆర్టెసునేట్. ఇప్పుడు తీవ్రమైన మలేరియాతో స్పృహ లేకుండా పడి ఉన్న పిల్లాడికి నరంలోకి ఎక్కించేది దాన్నే. ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని ఒక్కో ముక్కా మార్చి మార్చి చూడటం, ఆయన ఉద్యోగమంతా అదే. ఈసారి వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడుగు: మీ మాలిక్యూల్‌లో చెయ్యి పెట్టకూడని చోటు ఏది సార్, అది ఎలా తెలిసింది? గంటసేపు మాట్లాడతాడు, నువ్వు రాసుకోలేక ఛస్తావు.

మాలిక్యూల్ అన్నాను కదా, ‘అణువు’ అని నువ్వు రాసిన చోటల్లా గీత పెట్టాను. తప్పు కాదు, పాఠ్యపుస్తకంలో అదే ఉంటుంది. కానీ అణువు అనగానే చాలామందికి బాంబు గుర్తొస్తుంది, లేకపోతే పరమాణువుతో కలిపేస్తారు. మొదటిసారి మాలిక్యూల్ అని రాసి, పక్కన అణువు అను, తర్వాత నీ ఇష్టం. ఇంతకన్నా పెద్ద చిక్కు ‘సహజ ఉత్పత్తులు’. నేచురల్ ప్రాడక్ట్ అంటే ఆ కెమిస్టుల భాషలో ఒక జీవి తన ఒంట్లో తయారుచేసుకునే రసాయనం, అంతే. నువ్వు దాన్ని మాటకు మాట తెలుగు చేసేసరికి సబ్బులు, తేనె అమ్మే ప్రకటనలా తయారైంది. పైగా వ్యాసం పొడుగునా మొక్కలే. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్‌ల మొదటి రూపం జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో బూజులోంచి తీశాడు, అదీ ఆరు వేల పైచిలుకు శిలీంధ్రాలు వెతికిన తర్వాత. అవయవ మార్పిడిలో వాడే రాపమైసిన్ ఈస్టర్ ద్వీపం మట్టిలోని బ్యాక్టీరియాది. ఆ దీవిని స్థానికులు రాపా నుయి అంటారు, మందుకి పేరు అక్కడినుంచే వచ్చింది. ఇక సహజం అంటే మంచిది అన్న ధ్వని నీ వాక్యాల్లో పదేపదే వినబడుతోంది. ముష్టిగింజలో స్ట్రిక్నిన్ కూడా సహజమే కదా.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. కొత్తలో బిళ్ళగన్నేరు గురించి ఒక వ్యాసం రాశాను. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు ఆ ఆకుని షుగర్ వ్యాధి కోసం పరీక్షించారు. షుగర్ తగ్గలేదు గానీ ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్‌ఫెక్షన్లు సోకి అవి చనిపోయాయి. వాళ్లు దాన్ని ఫెయిల్యూర్ అని పక్కన పడెయ్యలేదు. తెల్లకణాలను ఇంతగా తగ్గించేది లుకేమియాలో పనికొస్తుందేమో అనుకుని, విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. దాని చుట్టం విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడతారు. ఇదంతా నేను ఎంతో ఉత్సాహంగా రాసి, ‘మన పెరటి మొక్కే’ అని ముగించాను. అచ్చయిన వారానికి ఒకాయన ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా, రోజుకి ఎన్ని ఆకులు నూరి ఇవ్వాలండీ, పరగడుపునా తిన్న తర్వాతా అని అడిగాడు. ఎవరికని నేను అడిగేలోపే, మా పాపకి అన్నాడు. నా నోట మాట రాలేదు.

నేను రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. రాయాల్సింది రాయలేదు, అంతే. 1 గ్రాము విన్‌బ్లాస్టిన్ రావాలంటే దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి, విన్‌క్రిస్టిన్‌కైతే అంతకు నాలుగింతలు. విన్‌క్రిస్టిన్ ఒక డోసు సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటదు, నరంలోకి మాత్రమే ఎక్కించాలి, మోతాదు మించితే నాడులు దెబ్బతింటాయి. ఆకులో ఇవి కాక ఇంకా వందకి పైగా ఆల్కలాయిడ్‌లు అనే రసాయనాలు ఉన్నాయి. ఈ మూడు వాక్యాలు ఉండి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు. నీ వ్యాసంలో కూడా అలాంటి వాక్యాలు లేవు, ఎర్రపెన్ను ఎక్కువగా పడింది అక్కడే.

అంకెలు వేస్తే చదవరని నీ భయం. వేయకపోతే ఏం జరుగుతుందో పసుపు విషయంలో చూస్తూనే ఉన్నాం. పసుపులో ఉండే కుర్కుమిన్ క్యాన్సర్ కణాలను చంపింది అని రోజూ ఎక్కడో ఒకచోట వస్తుంది. ప్లాస్టిక్ పళ్లెంలో పెంచిన కణాల మీద చిక్కటి ఉప్పునీళ్లు పోసినా అవి చస్తాయి, కాబట్టి ఎంత గాఢతలో అని అడగాలి. కణాల పనిని సగానికి తగ్గించడానికి కావలసిన గాఢతని ఐసీ 50 అంటారు, అది ఎంత తక్కువైతే పదార్థం అంత బలమైనది. 50 మైక్రోమోలార్‌కీ 5 నానోమోలార్‌కీ తేడా పదివేల రెట్లు, మొదటిది చూసి కెమిస్టు పెదవి విరుస్తాడు, రెండోది చూస్తే కుర్చీలోంచి లేస్తాడు. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కొందరు కెమిస్టులు కుర్కుమిన్ మీద ఒక పెద్ద సమీక్ష రాశారు. ఒంటికి పట్టదు, ద్రావణంలో త్వరగా విరిగిపోతుంది, తనకున్న రంగు, వెలుగు, అతుక్కునే గుణం వల్ల పరీక్షలనే తప్పుదోవ పట్టిస్తుంది, 120కి పైగా క్లినికల్ పరీక్షలు జరిగినా ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి పక్కాగా చేసిన వాటిలో ఒక్కటీ గట్టెక్కలేదు అని తేల్చారు. దీని గురించి రాస్తే తిట్లు పడతాయి, నాకూ పడ్డాయి. అయినా రాయి.

‘త్వరలో అందుబాటులోకి’ అన్న ముక్క కొట్టేశాను. టాక్సాల్ అనే క్యాన్సర్ మందు దొరికిన యూ చెట్టు బెరడు సేకరించింది 1962లో. వాల్, వానీ అనే కెమిస్టులు దాని నిర్మాణం తేల్చింది 1971లో, అది కణంలో ఏం చేస్తుందో సూసన్ హార్విట్జ్ చెప్పింది 1979లో, అమెరికాలో అనుమతి వచ్చింది 1992 చివర్లో. ఇంతా చేస్తే బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది, రోగులు వేలల్లో ఉంటారు. చివరికి ఇంకో జాతి యూ చెట్టు ఆకుల్లో దొరికే దగ్గరి పదార్థాన్ని తీసుకుని మిగతాది ల్యాబ్‌లో అతికించి గట్టెక్కారు. ఆకు మళ్లీ చిగురిస్తుంది కదా. నాకైతే మందు దొరికిన సంగతి కన్నా ఈ అతుకు కథే నచ్చుతుంది, దీని మీద విడిగా ఎప్పుడైనా రాయి.

యల్లాప్రగడ సుబ్బారావుగారితో మొదలుపెట్టావు. ఆయన ఆధ్వర్యంలో మట్టిలోంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చిన మాట నిజమే. కానీ మందుల మీద తెలుగులో వచ్చే ప్రతి వ్యాసమూ ఆయనకి దండం పెట్టుకునే మొదలవుతుంది. ఈసారికి వదిలెయ్యి, ఏమీ అనుకోడు.

దాని బదులు ల్యాబ్‌తో మొదలుపెట్టు. నేను ఒకసారి ఒక ల్యాబ్‌లో రోజంతా కూర్చున్నాను. ఎండుటాకు పొడిని మెథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, రోటావేపర్ అనే యంత్రానికి తగిలిస్తారు. గుండ్రటి ఫ్లాస్క్ గోరువెచ్చని నీళ్లలో తిరుగుతూ ఉంటే మెథనాల్ ఎగిరిపోయి, అడుగున తారులాంటి జిగురు ముద్ద మిగులుతుంది. దాన్ని గాజు గొట్టంలో నింపిన తెల్లటి సిలికా మీద వేసి, పైనుంచి ద్రావకం పోస్తుంటే ఆకుపచ్చ, పసుపు పట్టీలు విడివిడిగా మెల్లగా కిందికి దిగుతాయి. కింద నంబర్లు వేసిన టెస్ట్‌ట్యూబులు. వేలెడంత ప్లేటు మీద చుక్కలు పెట్టి, అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టి, ఏ ట్యూబు ఏ ట్యూబుతో కలపాలో చూస్తారు. వాటిలో ఏది పనిచేస్తే దాన్ని మళ్లీ విడగొడతారు. ఆరోజు ఒక అమ్మాయి ఆరునెలలుగా తరుముతున్న పదార్థం మాస్ స్పెక్ట్రమ్, అంటే దాని బరువు చెప్పే గ్రాఫ్ వచ్చింది. చూడగానే మొహం మాడిపోయింది. ఎవరో ఎప్పుడో వేరేచోట పట్టుకున్న పాత చుట్టమే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత ఆ అమ్మాయి లేచి ఫ్లాస్క్ కడగడానికి వెళ్లింది.

మీ సార్‌కి ఇలాంటి రోజులు ఎన్ని ఉండి ఉంటాయో నువ్వు అడగలేదు, ఆయన చెప్పలేదు, అవార్డులు మాత్రం వరసగా రాసుకొచ్చావు. మళ్లీ వెళ్లు. రికార్డర్ బ్యాగులోనే ఉంచి, ఆయన పాత ల్యాబ్ నోట్‌బుక్ ఒకటి చూపించమను. పనికిరాకుండా పోయిన ఏడాది ఏదో చూపించమను. ఫ్లాస్క్ అడుగున మిగిలేది ఏ రంగులో ఉంటుందో, ఏం వాసన వస్తుందో రాసుకుని రా. వచ్చే నెల మొదటి వారంలో పంపితే చాలు, తొందరేం లేదు.

మీ అన్నయ్య