అమెరికా అంతర్యుద్ధంలో జనం పంపిన సాయం సైనికులకు నిజంగా పనికొచ్చిందా?

సైన్యానికి సొంత వైద్య విభాగం ఉండగా, ఊళ్లలో ఆడవాళ్లు సర్ది పంపిన పెట్టెల వల్ల ఒరిగిందేమిటని అడిగారు. 1861లో యుద్ధం మొదలైన తొలి నెలల్లో పెద్దగా ఏమీ ఒరగలేదు. దుప్పట్లు, కేకులు, జామ్ సీసాలు ఒకే పెట్టెలో కుక్కి, తమ ఊరి కుర్రాళ్లున్న పటాలం పేరు రాసి రైలెక్కించేవారు. దారిలో సీసా పగిలి, పండ్లు పులిసి, బట్టలన్నీ పాడయ్యేవి. పెట్టె చేరేసరికి పటాలం వేరే చోటికి కదిలిపోయేది. మెడకు ఎండ తగలకుండా హేవ్‌లాక్ తలగుడ్డలు కూడా కుప్పలుగా కుట్టి పంపారు (1857లో లక్నో మీదికి సేనను నడిపిన బ్రిటిష్ జనరల్ పేరే అది). చాలామంది సైనికులు వాటితో కాఫీ వడకట్టుకున్నారు.

1861 జూన్‌లో అధ్యక్షుడు లింకన్ ఆమోదంతో ఏర్పడిన శానిటరీ కమిషన్ (సైనికుల ఆరోగ్యం కోసం పౌరులు నడిపిన స్వచ్ఛంద సంస్థ) దీన్ని దారిలో పెట్టింది. ఊరి సంఘం పెట్టెను నగరంలోని శాఖకు పంపాలి. అక్కడ విప్పి, ఏ రకానికారకం వేరుచేసి, గుడ్డలమీద చెరగని ముద్ర వేసి, పెట్టెకు ఒకే రకం చొప్పున మళ్లీ సర్దేవారు. ముద్ర ఉంటే దొంగిలించి అమ్ముకోవడం కష్టం. సరుకు ఫలానా పటాలానికని కాక, అవసరం ఎక్కడుంటే అక్కడికి వెళ్లేది. తమ బిడ్డకే చేరాలని కోరుకున్న తల్లులను దీనికి ఒప్పించడం తేలిక కాలేదు.

నన్నడిగితే, పెట్టెలకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడింది శిబిరాల తనిఖీ. ఉత్తరాది సేనలో (అంటే లింకన్ పక్షం సేనలో) చనిపోయినవారిలో దాదాపు మూడింట రెండొంతులమంది రోగాలతోనే పోయారు. కమిషన్ డాక్టర్లు అచ్చు ప్రశ్నపత్రాలతో శిబిరాలకు వెళ్లి నీళ్లెక్కడివి, మురుగు ఎటు పోతోంది, గుడారాల మధ్య ఎంత ఎడముంది, వంట ఎలా చేస్తున్నారు అని రాసుకునేవారు. మరుగుదొడ్డి గుంటలో రోజూ మన్ను పోయకపోతే, లేదా సైనికులు బద్ధకించి గుడారాల వెనకే కూర్చుంటే, ఈగల వల్లా నీళ్ల వల్లా విరేచనాలు, టైఫాయిడ్ పాకేవి. కమిషన్‌కు ఆజ్ఞాపించే అధికారం లేదు, సలహా మాత్రమే. వినని అధికారి దగ్గర ఏమీ మారేది కాదు.

తాజా కూరలు, పండ్లు లేక చిగుళ్లనుంచి రక్తం కారే జబ్బు స్కర్వీ. దానికి ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కావాలి. 1863లో మిసిసిపి నది ఒడ్డున విక్స్‌బర్గ్ పట్టణం ముందున్న ఉత్తరాది జనరల్ గ్రాంట్ సేనకు షికాగో శాఖ వాటిని పెద్దయెత్తున పంపింది. దుంపలను పచ్చిగా చక్రాలు తరిగి వెనిగర్‌లో వేసి తినిపించేవారు, ఎందుకంటే ఉడికిస్తే గుణం తగ్గుతుంది.

గాయాలకని పాత నారబట్టను కత్తితో గీకి తీసిన పీచు మాత్రం మేలుకన్నా కీడే చేసింది. క్రిముల సంగతి అప్పటికి డాక్టర్లకు తెలియదు. కడగని చేతులతో గీకిన పీచునే గాయంలో కుక్కేవారు, చీము పట్టేది.