టీవీ గోల ఆగాలంటే తలుపు సంగతి ముందు చూడు

ప్రశ్న: మాది పర్లాకిమిడి, ఉమ్మడి కుటుంబం, హాల్లో టీవీ, వంటింట్లో మిక్సీ, పిల్లల అరుపులు, పోటీ పరీక్షలకి చదవలేకపోతున్నాను. గోడలకి ఫోమ్ షీట్లు అంటిస్తే గోల ఆగుతుందా అండి?

జవాబు: ఆగదమ్మా, ఆ డబ్బులు దాచుకో. ఫోమ్, గుడ్ల అట్టలు గదిలో ప్రతిధ్వని తగ్గిస్తాయంతే, బయటి శబ్దం ఆపాలంటే బరువైన అడ్డు కావాలి, సందులు మూసుకోవాలి. మీది 9 అంగుళాల ఇటుక గోడైతే దాని జోలికే వెళ్లకు, గోల ఎక్కువగా వచ్చేది తలుపు నుంచే, ముఖ్యంగా అడుగు సందులోంచి, గాలి దూరే చోటల్లా శబ్దం కూడా దూరిపోద్ది కదా. తలుపు ఫ్రేమ్ చుట్టూ రబ్బరు పట్టీ అంటించి, అడుగున డోర్ సీల్ బిగించు. లోపల డొల్లగా ఉండే ఫ్లష్ డోర్ అయితే గట్టి చెక్క తలుపు పెట్టించు, ఖర్చు పెట్టాల్సింది అక్కడే. మిక్సీ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వెయ్యమను. కిటికీ మాత్రం మొత్తం మూసెయ్యకు, ఉక్కపోతలో గాలాడకపోతే చదువు సాగదు.