టెలిస్కోప్ సరే, స్టాండు సంగతేంటి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒడిశా వైపు మనవాళ్లవే, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి. అందరిదీ ఇంచుమించు ఒకటే గోల, టెలిస్కోప్‌లో బొమ్మ ఊగుతోంది ఏం కొనమంటారు అని. కొన్నిటికి పొడుగ్గా రాశాను, కొన్నిటిని రెండు ముక్కల్లో తేల్చేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మాది పర్లాకిమిడి. దసరాకి 70/700 టెలిస్కోప్ (లెన్సు వెడల్పు 70 ఎంఎం, ఫోకల్ దూరం 700 ఎంఎం) తెప్పించాను, సన్నపాటి అల్యూమినియం స్టాండుతో వచ్చింది. 25 ఎంఎం ఐపీస్‌తో (కన్ను ఆనించి చూసే చిన్న గొట్టం) చంద్రుడు బానే ఉన్నాడు. 4 ఎంఎం పెడితే ఏదీ నిలవట్లేదు, శనిగ్రహం అయితే గజగజ వణుకుతూ పక్కకి పారిపోతోంది. దీన్ని అమ్మేసి పెద్దది కొనమంటారా?

జవాబు: అప్పుడే అమ్మకు బాబూ. 700ని 4తో భాగిస్తే 175 రెట్లు అవుతుంది కదా, 70 ఎంఎం లెన్సు మీద ఎంత మంచి రాత్రయినా 140 దాటాక కొత్తగా కనబడేది ఏమీ ఉండదు, బొమ్మ పెద్దదై మసకబారుతుంది అంతే. లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు, అదే హద్దు, మామూలు రాత్రుల్లో అందులో సగం దక్కినా సంతోషించాలి. ఆ 4 ఎంఎం ముక్క డబ్బా మీద పెద్ద అంకె వేసుకోడానికి ఇచ్చిందే, తీసి పక్కన పడెయ్. 10 ఎంఎం పెడితే 70 రెట్లు, శని వలయాలకి అది చాలు. 2025 మార్చిలో వలయాలు మనకి అంచువైపు తిరిగి గీతలా అయిపోయాయి, ఆ తర్వాత మెల్లగా తెరుచుకోవడం మొదలైంది, అందుకని సన్నగా కనబడితే నీ టెలిస్కోప్‌ని తిట్టకు.

పారిపోవడం అంటావా, అది భూమి తిరగడం వల్ల, 4 నిమిషాలకి ఒక డిగ్రీ చొప్పున ఆకాశం జరుగుతుంది, 175 రెట్లు పెడితే గ్రహం నిమిషం పైచిలుకులో ఐపీస్‌లో కనబడే మేర దాటి పోతుంది. అది తప్పదు. వణుకు మాత్రం స్టాండుది, బొమ్మని ఎన్ని రెట్లు పెంచితే వణుకునీ అన్ని రెట్లు పెంచినట్టే కదా.

ఒక పని చెయ్, పగటిపూట దూరంగా ఉన్న సెల్ టవర్ కొన మీద ఫోకస్ చేసి ట్యూబుని వేలితో చిన్నగా తట్టి ఎన్ని సెకన్లకి నిలకడగా అవుతుందో లెక్కపెట్టు. రెండు మూడు సెకన్లయితే బాగున్నట్టు, ఆరేడు పడితే మరమ్మతు కావాలి. స్టాండు కాళ్లు ఒక్క అంగుళం కూడా బయటికి లాగకుండా పూర్తిగా లోపలికి నెట్టేసి నువ్వు చిన్న పీట మీద కూర్చుని చూడు, సగం వణుకు అక్కడే పోతుంది, ఎందుకంటే ఆ కింది సన్న గొట్టాలే అసలు దొంగలు. మధ్యలో ఉండే ట్రే స్క్రూలు, కాళ్ల దగ్గర నట్లు స్పానరుతో బిగించు, ప్లాస్టిక్ కదా అని భయపడి అందరూ వదులుగా వదిలేస్తారు, మరీ విరిగేలా కాదు గానీ గట్టిగానే. ట్రే కింద ఒక గుడ్డసంచిలో మూడు నాలుగు కిలోల ఇసుక పోసి వేలాడదియ్, సంచి అడుగు నేలకి కొంచెం ఆనేలా ఉండాలి, లేకపోతే అదే ఊగుతుంది. కాళ్ల కింద పాత హవాయి చెప్పు ముక్కలు పెట్టు. ఇంకోటి, డాబా మీద మధ్యలో పెడితే ఎవరు నడిచినా స్లాబు కదులుతుంది, పిట్టగోడ పక్కన దూలం మీదుగా పెట్టు, గాలి కూడా తక్కువ తగుల్తుంది. ఇవన్నీ చేశాక కూడా నచ్చకపోతే అప్పుడు అమ్ముదువుగాని.

ప్రశ్న: గుణుపురం నుంచి రాస్తున్నాను మాస్టారూ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, దానికోసం కొందామని. ఒకటి 114/900, ఈక్యూ1 స్టాండు, మోటారుతో. ఇంకోటి 130/650, బల్ల మీద పెట్టుకునే డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే పెట్టెలాంటి స్టాండు), మోటారు లేదు. షాపతను మోటారు ఉన్నదే తీసుకోమంటున్నాడు.

జవాబు: అమ్మా, రెండోది తీసుకోండి. షాపతను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఈక్యూ, అంటే ఈక్వటోరియల్ స్టాండులో ఒక ఇరుసు ధ్రువం వైపు చూస్తూ ఉంటుంది, భూమి తిరిగే ఇరుసుకి సమాంతరంగా, అందుకని ఒక్క మరని తిప్పితే చాలు చుక్క ఐపీస్‌లోనే ఉంటుంది, మోటారు చేసేది ఆ తిప్పడమే. నలుగురు పిల్లలు వరసలో నిలబడి చూసేటప్పుడు అది నిజంగా సుఖం. కానీ ఈక్యూ1 చాలా చిన్నది, దాని మీద మీటరు దగ్గర్లో ఉండే ఆ పొడుగు ట్యూబు పెడితే వెదురు కొన మీద కుండ పెట్టినట్టే, ఫోకస్ మర ముట్టుకుంటే చాలు ఊగుతుంది, మోటారు దాన్ని ఆపలేదు.

పైగా మనవైపు ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. ధ్రువనక్షత్రం మీకు ఆకాశంలో కేవలం 19 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అదే మీ ఊరి అక్షాంశం. ఈ స్టాండుల వీడియోలు చాలావరకు 40, 50 డిగ్రీల దగ్గర ఉండేవాళ్లు తీసినవి, వాళ్లకి ఇరుసు బాగా నిటారుగా ఉంటుంది. మనకి దాదాపు పడుకోబెట్టాలి. అలా పడుకోబెట్టేసరికి బరువుబిళ్ల ఉన్న కడ్డీ ఉత్తరం వైపు కాలికి తగులుతుంది, మోటారు నడుస్తూ ఉంటే అక్కడ గీరుకుని ఆగిపోతుంది కూడా. ఎవరైనా ఆల్రెడీ కొనేసి ఉంటే, ఉత్తరానికి ఒక కాలు కాకుండా రెండు కాళ్ల మధ్య ఖాళీ వచ్చేలా తిప్పి పెట్టుకోండి. ఉత్తరాన కొండ అడ్డొచ్చి ధ్రువం కనబడకపోయినా ఫర్వాలేదు, కంటితో చూడ్డానికి దిక్సూచి చాలు, మన ప్రాంతంలో దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే. దిక్సూచిని ఆ ఇనుప బరువుకి దూరంగా పట్టుకుని చూడండి.

130 ఎంఎం అద్దం 114 కన్నా దాదాపు 30 శాతం ఎక్కువ వెలుగు పడుతుంది, ట్యూబు పొట్టి, అమ్మాయి ఒక్కతే ఎత్తుకుని డాబా ఎక్కించగలదు, చేత్తో నెడితే కదులుతుంది, వదిలేస్తే ఆగుతుంది, నేర్చుకునేది ఏమీ లేదు. బల్ల మాత్రం చూసుకోవాలి, ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే మళ్లీ వణుకే. డాబా మీద నీళ్ల ట్యాంకు దిమ్మలో ఒక పక్క ఖాళీ ఉంటే అంతకన్నా మంచి బల్ల లేదు, లేకపోతే మూడు కాళ్ల గట్టి చెక్క స్టూలు. తులసికోట గట్టు మీద పెడదామనుకునేరు, మీ అత్తగారు ఊరుకోరు.

ప్రశ్న: కాశీనగర్ నుంచి. నా దగ్గర 150/750 ట్యూబు ఉంది, ఈక్యూ స్టాండు గేరు విరిగిపోయింది. వడ్రంగి చేత చెక్క స్టాండు చేయించుకోవచ్చా?

జవాబు: భేషుగ్గా. అసలు డాబ్సోనియన్ పుట్టిందే అలా. జాన్ డాబ్సన్ అని, శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత సొసైటీలో సన్యాసి, మన రామకృష్ణ సంప్రదాయం మఠమే, అక్కడుండగానే పాత ఓడల కిటికీ గాజులు అరగదీసి అద్దాలు చేసేవాడట, 1967లో మఠం వదిలి బయటికొచ్చాక పేవ్‌మెంట్ల మీద పెట్టి దారినపోయే వాళ్లకి చూపించాడు. ఆయన స్టాండు ప్లైవుడ్ పెట్టె, అంతే.

18 ఎంఎం ప్లైవుడ్ తీసుకో తమ్ముడూ. ముందు ఐపీస్, ఫైండర్ (గురి చూసుకునే చిన్న పరికరం) అన్నీ బిగించి ట్యూబుని ఒక గుండ్రటి కర్ర మీద అడ్డంగా పెట్టి ఎక్కడ తూగుతుందో అక్కడ పెన్సిల్ గీత గియ్యి, రెండు పక్కలా గుండ్రటి బిళ్లలు వచ్చేది ఆ గీత దగ్గరే. బిళ్లలకి 110 ఎంఎం పీవీసీ పైపు మూతలు సరిపోతాయి, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. పెట్టె పక్క చెక్కల్లో అర్ధచంద్రంలా కోయించి ఒక్కోదాంట్లో రెండేసి టెఫ్లాన్ ముక్కలు కొట్టించు, మూతలు వాటి మీద ఆనాలి. అడుగున, పెట్టె కిందవైపు సన్‌మైకా అతికించాలి, నున్నటిది వద్దు, కొంచెం గరుకు డిజైన్ ఉన్నది, నున్నటిది అంటుకుపోయి ఒక్కసారిగా జారుతుంది. దాని కింద పలక, ఆ పలక మీద మూడు టెఫ్లాన్ ముక్కలు, అంగుళం చదరం చొప్పున, సరిగ్గా పలక కాళ్లు ఎక్కడున్నాయో వాటి పైన. వడ్రంగులు ఇక్కడే తప్పుతారు, అందంగా ఉంటుందని కాళ్లు మూలల్లోనూ ముక్కలు మధ్యలోనూ వేస్తారు, అప్పుడు పలక వంగి ఊగుతుంది. మేకు తలలు ముక్కలోపలికి దిగిపోవాలి, లేకపోతే సన్‌మైకా గీరేస్తాయి. మధ్య బోల్టు ఊరికే దారి తప్పకుండా ఉండడానికే, బిగించకు. నూనె, గ్రీజు అసలు రాయొద్దు. టెఫ్లాన్ దొరక్కపోతే కూరగాయలు కోసే తెల్ల ప్లాస్టిక్ బోర్డు ముక్కలు చేసి వాడుకో, కొంచెం బిర్రుగా ఉంటుంది గానీ పని నడుస్తుంది.

ప్రశ్న: రాయగడ నుంచి. ఐపీస్‌లు, రంగు ఫిల్టర్లు, బార్లో (ఐపీస్ ముందు పెట్టి రెట్లు పెంచే లెన్సు) అన్నీ కలిపి ఒక పెట్టెలో అమ్ముతున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ పెట్టెలో సగం మీరు ఒక్కసారి వాడి మర్చిపోతారు. ఒడిశాలోని ఖండపడాలో పుట్టిన ఖగోళ పండితుడు పఠాణి సామంత గారు టెలిస్కోప్ అన్నదే లేకుండా వెదురుతో, కర్రలతో చేసుకున్న పరికరాలతో గ్రహాల లెక్కలు కట్టారు, మనకి ఎరుపు, నీలం గాజుముక్కలు ఎందుకండీ. ఒక మంచి ప్లాసల్ రకం ఐపీస్, ఒక రెండు రెట్ల బార్లో, ఒక రెడ్ డాట్ ఫైండర్ (ఎర్ర చుక్కతో గురి చూపించేది), ఇంతే. కొనే ముందు మీ టెలిస్కోప్ ఐపీస్ గొట్టం కొలవండి, 31.7 ఎంఎం అయితే అన్నీ పడతాయి, పాత చౌకవాటికి 24.5 ఉంటుంది, వాటికి ఇవేవీ పట్టవు. ఫైండర్‌ని పగలే టవర్ మీద సరిచేసుకోండి, చూడడం అయ్యాక స్విచ్ ఆపండి, లేకపోతే పొద్దున్నకి బిళ్ల బ్యాటరీ అయిపోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆ పెట్టెల్లో ఐపీస్‌కి బిగించే నల్లటి సూర్యుడి ఫిల్టరు వస్తుంటుంది కొన్నిసార్లు, దాన్ని పగలగొట్టి పారేయండి, పిల్లల చేతికి దొరకనివ్వద్దు. లెన్సు ఎండనంతా తెచ్చి ఆ గాజు దగ్గరే పోగేస్తుంది, అది వేడెక్కి చిట్లితే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే ముందువైపు ట్యూబు మూతి మొత్తం కప్పే సోలార్ ఫిల్మే వాడాలి, ప్రతిసారీ చిల్లులున్నాయేమో వెలుగుకి పట్టి చూసుకోవాలి, ఫైండర్‌కి మూత పెట్టేయాలి.

ప్రశ్న: కోరాపుట్‌లో చలికాలం అరగంటకే లెన్సు మీద మంచు పట్టేస్తోంది. గుడ్డతో తుడవొచ్చా?

జవాబు: తుడవొద్దు, గీతలు పడతాయి. యోగా మ్యాట్ ముక్క లెన్సు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు ముందుకు పొడుచుకొచ్చేలా గొట్టంలా చుట్టి కట్టండి. లోపలికి తెచ్చాక ఆరేదాకా మూత పెట్టకండి, తడితో మూసేస్తే బూజు పడుతుంది, తర్వాత సిలికాజెల్ పొట్లం వేసి పెట్టెలో పెట్టుకోండి.

ప్రశ్న: జయపురం నుంచి మాస్టారూ, ఫోన్ బిగించే క్లాంపు కొన్నాను, బిగించగానే టెలిస్కోప్ వెనక్కి వాలిపోతోంది.

జవాబు: ఫోన్, క్లాంపు కలిపి పావుకిలో పైనే ఉంటాయి మరి. ట్యూబుని రింగుల్లో కొంచెం ముందుకి జరుపు, జరపడానికి వీల్లేకపోతే ముందువైపు మంచుకి కట్టే గొట్టం కింద ఒక చిన్న గుడ్డలో బియ్యం మూటకట్టి వేలాడదియ్యి, తూగేదాకా గింజలు పోస్తూ ఉండు. ఫోటో బటన్ వేలితో నొక్కకు, 3 సెకన్ల టైమర్ పెట్టు, లేదా వైరు ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్ నొక్కు, చాలా ఫోన్లలో అది ఫోటో తీస్తుంది. చంద్రుడితో మొదలుపెట్టు, వెలుగు తగ్గించుకో, లేకపోతే తెల్ల ముద్దలా వస్తాడు, మోటారు లేకపోయినా ఫోటోకి టైము బోలెడు, తన వెడల్పంత దూరం జరగడానికి చంద్రుడికి 2 నిమిషాలు పడుతుంది. శనికి మాత్రం ఫోటో కాదు, వీడియో తియ్యి.