లాగితే కదలని చుక్క

ప్రశ్న: నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. కోరిలేషన్ (రెండు కొలతలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే సంఖ్య) పాఠానికీ, నా పరిశోధనకీ కలిపి షైనీ అనే వెబ్ టూల్స్ కట్టే ప్యాకేజీలో ఒక ఇంటరాక్టివ్ గ్రాఫ్ తయారుచేశాను. పిల్లలు రెండు బటన్లు నొక్కి వదిలేస్తున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. ఎడమవైపు పదకొండు స్లయిడర్లు, కింద నాలుగు డ్రాప్‌డౌన్లు. గ్రాఫేమో ఓ మూలకి ఒదిగిపోయింది. వెక్కిరించడం లేదండీ, నేను మొదట కట్టిన టూల్ దీనికి పెద్దన్న.

దాని ముందు ఒక విద్యార్థినిని కూర్చోబెట్టి, నోరు మెదపకుండా పక్కనే ఉన్నాను (అదే అన్నిటికన్నా కష్టం). ఆ అమ్మాయి స్లయిడర్ల జోలికే పోలేదు. గ్రాఫ్‌లో విడిగా ఉన్న చుక్కని మౌస్‌తో పట్టుకుని లాగబోయింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. ఆనక మౌస్ వదిలేసింది. నేను పెట్టిన స్లయిడర్లన్నీ ఆ రాత్రే తీసేశాను.

మీరూ అంతే చేయండి. స్టాటిస్టిషియన్ అన్‌స్కోంబ్ 1973లో ఇచ్చిన నాలుగు డేటా సెట్లు మీకు తెలిసినవే. ఒక్కోదాంట్లో 11 బిందువులు, నాలుగింటికీ కోరిలేషన్ దాదాపు 0.816. గీసి చూస్తే ఒకదానికొకటి పోలికే ఉండదు. మూడోది తీసుకోండి. పది చుక్కలు ఒకే గీత మీద బుద్ధిగా ఉంటాయి. ఎక్స్ 13 దగ్గరున్నది మాత్రం 12.74కి ఎగిరి కూర్చుంటుంది. దాన్ని పిల్లల్నే కిందికి లాగనివ్వండి. 8.5 దగ్గరికి వచ్చేసరికి కోరిలేషన్ దాదాపు 1 అవుతుంది, రిగ్రెషన్ గీత (చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా వెళ్ళే గీత) వాళ్ళ కళ్ళముందే వాలుతుంది. 'మళ్ళీ మొదటికి' అనే బటన్ ఒక్కటి ఉంచండి. అది లేకపోతే ఏదో పాడుచేస్తామన్న టెన్షన్‌తో ముట్టుకోరు.

ఇంకోటి, షైనీలో మామూలుగా లెక్కంతా సర్వర్‌కి వెళ్ళి రావాలి. చుక్క మౌస్ వెనకాల ఈడ్చుకుంటూ వస్తే పట్టుకున్న భావన పోతుంది. 0.1 సెకను దాటితే ఆలస్యం తెలిసిపోతుంది. లాగే భాగాన్ని డీ3 అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో రాసి బ్రౌజర్‌లోనే నడిపించండి. పదకొండు చుక్కలకి సర్వర్ ఎందుకు చెప్పండి?

ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కూడా మార్చేయండి, ఆ రెండూ వేరుగా కనబడనివాళ్ళు క్లాసులో ఉండొచ్చు. నీలం, నారింజ మేలు.

పరిశోధన టూల్ విడిగా పెట్టుకోండి. ఫిల్టర్లు అక్కడ ఎన్నున్నా ఫరవాలేదు. కాకపోతే షైనీలో ఉన్న బుక్‌మార్కింగ్ వాడి, ఏ బొమ్మ ఏ ఫిల్టర్లతో వచ్చిందో లింకులోనే దాచండి. ఆర్నెల్ల తర్వాత సమీక్షకులు అడిగితే వెతుక్కోనక్కర్లేదు.