పాత 407లో మొదటిసారి నొక్కితే బ్రేకు పడకపోవడం గురించి

మీ టాటా 407 లారీలో బ్రేకు పెడల్ మొదటిసారి నొక్కితే దాదాపు ఫ్లోరు వరకు దిగిపోతోందని, వెంటనే రెండోసారి నొక్కితే పైనే ఆగి బ్రేకు పడుతోందని, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) కిట్ మార్చి రెండుసార్లు ఎయిర్ (పైపుల్లోని గాలి) తీయించినా తేడా రాలేదని రాశారు. ఇవే లక్షణాలు మా పాత 407లోనూ కనిపించాయి. నా అనుమానం మాస్టర్ సిలిండర్ మీద కాదు, చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ముల మీద. తేలేవరకు బండికి లోడు వేయకండి.

పెడల్ దిగడంలో రకాలున్నాయి. కాలు అలాగే అదిమి ఉంచితే పెడల్ నెమ్మదిగా కిందికి జారుతూ, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు ఒత్తిడిని నిలపలేకపోతున్నాయని అర్థం. స్పాంజిలా మెత్తగా ఉంటే సాధారణంగా పైపుల్లో గాలి ఉంటుంది. రెండోసారికి పైకి వచ్చి అక్కడే గట్టిగా నిలిస్తే మాత్రం, డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు ఎక్కువై, మొదటి నొక్కుకు వెళ్లిన ఆయిలంతా షూలను డ్రమ్ము దాకా జరపడానికే సరిపోతోందన్నమాట. పెడల్ రాయిలా బిగుసుకుపోతే కాలి బలాన్ని పెంచే బూస్టరునూ దాన్ని పనిచేయించే వ్యాక్యూమ్ పంపునూ చూడాలి కానీ, మీ సమస్య అది కాదు.

కొత్త సామాను కొనకముందే దీన్ని తేల్చుకునే పద్ధతి ఒకటుంది. చదునైన నేల మీద చక్రాలకు అడ్డు దిమ్మెలు పెట్టి, నాలుగు వైపులా ఈ సందును సరిచేసే అడ్జస్టర్లను షూలు డ్రమ్మును గట్టిగా పట్టేదాకా బిగించి, అప్పుడు పెడల్ నొక్కి చూడండి. మొదటి నొక్కుకే పైన గట్టిగా ఆగితే తప్పు సందుదే. అప్పటికీ కిందికే పోతుంటే మళ్లీ మాస్టర్ సిలిండర్ వైపూ గాలి వైపూ వెతకాలి. తరువాత అడ్జస్టర్లను చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వరకు వదలడం మరిచిపోకూడదు.

మా బండికి ఈ పరీక్ష చేసినప్పుడు పెడల్ పైకి వచ్చింది గానీ, కాలి కింద స్ప్రింగు మీద నొక్కినట్లు కాస్త ఊగింది. గాలి ఉందనే అందరూ అన్నారు, గాలి బయటికి వదిలే నిపుల్ విప్పితే బుడగ ఒక్కటీ రాలేదు. వెనక డ్రమ్ములు ఊడదీస్తే సంగతి బయటపడింది. వాటిని అంతకుముందే లేత్ మీద తిప్పించి ఉండటంతో లోపలి వ్యాసం పెరిగింది, షూల మీద వేసిన లైనర్లు (డ్రమ్మును రాసుకునే పొర) మాత్రం అసలు సైజువి. లైనరు మీద సుద్దముక్క రుద్ది, డ్రమ్ము లోపల ఆనించి అటూ ఇటూ జరిపి తీసి చూస్తే, నడుమ నాలుగు వేళ్ల వెడల్పున మాత్రమే సుద్ద చెరిగింది, రెండు చివరలా తెల్లగా అలాగే ఉంది. నడుమే తగులుతుండటంతో బలంగా నొక్కినప్పుడల్లా షూ వంగి తిరిగి వస్తోంది, దాన్నే మనం గాలి అనుకుంటున్నాం. డ్రమ్ము పరిమితి దాటి అరగకపోతే, దాని వంపుకు తగ్గ ఓవర్‌సైజు (మందం ఎక్కువున్న) లైనర్లు వేయించి అరగదీయిస్తే సరిపోతుంది; పరిమితి దాటితే డ్రమ్మే మార్చాలి, ఇక్కడ పొదుపు పనికిరాదు.

డ్రమ్ములు ఎలాగూ విప్పుతారు కాబట్టి షూలను తోసే వీల్ సిలిండర్ల డస్ట్ కవర్లు ఎత్తి లోపల తడి ఉందేమో చూడండి. కప్పులు ఉబ్బి మెత్తబడి ఉంటే ఎవరో ఇంజన్ ఆయిల్ వంటిది పోశారని అనుమానించాలి, అప్పుడు రబ్బరు భాగాలన్నీ మార్చి పైపులు కూడా శుభ్రం చేయించక తప్పదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కొత్తలో కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాల్సిన మరిగే స్థానం, తేమ పట్టాక 140 దాకా పడిపోవచ్చు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆవిరి పుట్టి పెడల్ ఒక్కసారిగా దిగిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. అందుకని మూత తీసి నెలలు గడిచిన డబ్బాలోని ఆయిల్ పోయనివ్వకండి.

అంతా బిగించాక మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి ఎయిర్ తీయించండి. ముందు ఖాళీ బండిని జనం లేని చోట నెమ్మదిగా నడిపి చూసుకోండి. కొత్త లైనర్లు కొంత అరిగి డ్రమ్ములో కుదురుకున్నాక పెడల్ మళ్లీ కాస్త దిగుతుంది, కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తరువాత అడ్జస్టర్లను మరొకసారి బిగించాల్సి ఉంటుంది.